మూత్రపిండాలు పనిచేయనివారికి మత్తు ఇచ్చేటప్పుడు

1889లో ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆర్థిక సాయంతో హైదరాబాదులో, అప్పటి మత్తుమందు క్లోరోఫాంపై రెండో క్లోరోఫాం కమిషన్ ప్రయోగాలు నడిపిన డాక్టర్ ఎడ్వర్డ్ లారీ, మత్తులో ముందు ఆగేది శ్వాసే కాబట్టి వైద్యుడు నాడిని కాక ఊపిరిని కనిపెట్టుకొని ఉండాలని వాదించాడు. క్లోరోఫాం గుండెను నేరుగా కూడా ఆపగలదని తరువాతి పరిశోధనల్లో తేలింది. మూత్రపిండాలు పూర్తిగా దెబ్బతిన్న రోగి విషయంలో శ్వాస మందగించడం, గుండె ఆగడం అనే ఈ రెండు ప్రమాదాలూ పొటాషియం దగ్గర కలుస్తాయి.

రక్తంలో పొటాషియం సాధారణంగా లీటరుకు 3.5 నుంచి 5 మిల్లీ ఈక్వివలెంట్ల మధ్య ఉంటుంది. అదనంగా చేరినదాన్ని బయటికి పంపవలసిన మూత్రపిండాలు పనిచేయకపోతే అది పేరుకుపోయి గుండె లయను చెదరగొడుతుంది. గొంతులో గొట్టం వేసేముందు కండరాలను సడలించడానికి వాడే సక్సినైల్‌కోలిన్ దాన్ని మరో 0.5 నుంచి 1 వరకు పెంచుతుంది. ఆరోగ్యవంతుడికి ఇది లెక్కలోకి రాదు గానీ, అప్పటికే ఆరు దాటిన రోగికి ప్రాణాపాయం. మత్తులో శ్వాస మందగించినా, కార్బన్ డయాక్సైడ్ పేరుకొని రక్తం ఆమ్లంగా మారి, కణాల్లోని పొటాషియం రక్తంలోకి వస్తుంది.

అందుకే ముందుగా నిర్ణయించిన ఆపరేషన్‌కు సాధారణంగా ముందురోజు డయాలసిస్ చేస్తారు. మరీ ముందు చేస్తే నీరు, పొటాషియం మళ్లీ చేరతాయి. చేసిన వెంటనే ఆపరేషన్‌కు తీసుకుంటే డయాలసిస్‌లో రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే హెపారిన్ ప్రభావంతో రక్తస్రావం, ఒంట్లో నీరు తగ్గినందువల్ల రక్తపోటు పడిపోవడం అనే చిక్కులుంటాయి.

నన్ను ఎక్కువగా కలవరపెట్టేది మాత్రం ఆపరేషన్ తరువాతి రాత్రి. నొప్పికి ఇచ్చే మార్ఫిన్‌ను కాలేయం మార్చగా ఏర్పడే పదార్థాల్లో ఒకటి మార్ఫిన్ లాగే బలంగా పనిచేస్తుంది, అది మూత్రంలోనే పోవాలి. పోలేనప్పుడు, మెలకువ వచ్చి వార్డుకు చేరిన మనిషికి గంటల తరువాత కూడా ఊపిరి మందగించవచ్చు. మరో నొప్పి మందు పెథిడిన్ అవశేషం మూర్ఛలు తెప్పించగలదు. కాబట్టి నొప్పికి ఫెంటానిల్ వంటివి మేలు. కండరాల సడలింపుకు వాడే అట్రాక్యూరియం, శరీరపు వేడికీ రక్తపు క్షారగుణానికీ కొంత తనంతట తానే, కొంత రక్తంలోని ఎంజైముల వల్ల విడిపోయే మందు కావడం ఈ రోగులకు పెద్ద వరం.

జిల్లాలో డయాలసిస్ చేయించుకుంటూ ఆపరేషన్‌కు నిమ్స్‌కో ఉస్మానియాకో వచ్చేవారి వివరాలు ఒకేచోట ఉండకపోవచ్చు. చివరి డయాలసిస్ ఎప్పుడు జరిగిందో, దాని తరువాత బరువెంతో, మూత్రం ఎంత వస్తోందో మత్తు డాక్టరుకు ఇంటివారే చెప్పాలి. ఫిస్టులా (డయాలసిస్ కోసం ధమనినీ సిరనూ కలిపిన చోటు) ఉన్న చేతికి బీపీ పట్టీ కట్టవద్దనీ, సూది గుచ్చవద్దనీ, ఆపరేషన్ బల్ల మీద అది నలగకుండా చూడమనీ కూడా అప్పుడే అడగాలి.