మోచేయి, ముంజేయి కలిసి విరిగితే: పిండికట్టు నుంచి తీగల దాకా

పిల్లల ముంజేతి ఎముకలు విరిగితే చాలావరకు ఆపరేషన్ అక్కర్లేదు. మత్తిచ్చి, లాగి సర్ది, పిండికట్టు వేస్తే అతుక్కుంటాయి. కాస్త వంకర మిగిలినా ఎదిగే వయసు కాబట్టి ఎముక దాన్ని చాలావరకు తనే దిద్దుకుంటుంది. అదే ముంజేయి, అదే చేతి మోచేతితో పాటు విరిగినప్పుడు మాత్రం చాలామంది సర్జన్లు దానికీ ఎముకలోకి సన్నటి లోహపు తీగలు దూర్చడానికే మొగ్గుతారు. ఆ తీగ వేసేది ఎముక కోసం కన్నా కట్టును వదులుగా ఉంచుకోవడం కోసం. ఈ సంగతి అర్థం కావడానికి వైద్యానికి దాదాపు 120 ఏళ్లు పట్టింది.

దెబ్బ తగిలే తీరు దాదాపు ఒకటే. పడుతూ చేయి చాపి నేలకు ఆనిస్తే బరువంతా అరచేతి మీద పడుతుంది. మణికట్టు దగ్గర ముంజేతి రెండు ఎముకల్లో బొటనవేలి వైపుది రేడియస్, చాలాసార్లు చిటికెనవేలి వైపుది అల్నా కూడా విరుగుతాయి. మిగిలిన జోరు పైకి పాకి, మోచేతి కీలుకు కాస్త పైన హ్యూమరస్ (పైచేతి ఎముక) పలచగా ఉండే చోట పుటుక్కుమంటుంది. దీన్నే సుప్రాకాండైలర్ ఫ్రాక్చర్ అంటారు. ఐదు నుంచి ఏడేళ్ల వయసులో ఎక్కువ. కింది ముక్క వెనక్కి జరిగితే పై ముక్క మొన ముందుకు పొడుచుకొస్తుంది. చేతికి రక్తం తెచ్చే బ్రేకియల్ ధమని, చేతిలోకి దిగే మీడియన్ నరం సరిగ్గా అక్కడే ఉంటాయి. పైనా కిందా రెండు చోట్లా విరిగి మధ్యలో మోచేయి వేలాడుతుంది కనుక ఈ జంట గాయాన్ని ఫ్లోటింగ్ ఎల్బో అంటారు. 1980లో స్టానిట్స్కీ, మికెలీ రాసిన వ్యాసంతో ఆ పేరు స్థిరపడింది.

ప్రమాదం ఏమిటన్నది అంతకు చాలా ముందే తెలుసు. ప్లాస్టర్ ఆఫ్ పారిస్ పూసిన పట్టీని డచ్ సైనిక వైద్యుడు మాథైసెన్ 1850ల మొదట్లో వాడుకలోకి తెచ్చాడు. 1881లో జర్మన్ సర్జన్ రిచర్డ్ ఫోన్ వోక్‌మన్ ఒక కొత్త వికృతిని వర్ణించాడు. మణికట్టు ముందుకు వంగి, వేళ్లు కొక్కెంలా ముడుచుకుపోయి, కండ కొయ్యబారిపోతుంది. బిగువు కట్ల వల్ల కండకు రక్తం అందకపోవడమే కారణమన్నాడు. అది సగమే నిజం. కట్టు లేని చేతిలోనూ ఇలా జరగవచ్చు. ముంజేతి కండల చుట్టూ ఉండే ఫేషియా పొర సాగదు. లోపల రక్తం, వాపు చేరితే పీడనం పెరిగి సన్న రక్తనాళాలు మూసుకుపోతాయి. ముందుగా దెబ్బతినేవి ఎముకను ఆనుకుని లోతుగా ఉండే కండలు, అంటే వేళ్ల కొసలనూ బొటనవేలినీ వంచేవి. కొన్ని గంటలు గడిస్తే ఆ కండ మళ్లీ బతకదు. ఇదే కంపార్ట్‌మెంట్ సిండ్రోమ్.

ఆ రోజుల్లో మోచేతి ఫ్రాక్చర్‌కు తెలిసిన ఉపాయం ఒకటే. సర్దాక మోచేతిని బాగా, ఒక్కోసారి 120 డిగ్రీల దాకా మడిచి కట్టేయడం. పైచేతి వెనక ఉన్న ట్రైసెప్స్ కండ బిగిసి ముక్కను పట్టి ఉంచుతుంది. ఎముకకు అది మంచిదే, ముంజేతికి ముప్పు. 90 డిగ్రీలు దాటి మడిచేకొద్దీ ముంజేతి లోపలి పీడనం పెరుగుతుంది, ముందు ధమని నలుగుతుంది. కట్టును కొంచెం విప్పి మోచేతిని చాపితే ఎముక జారుతుంది, చాపకపోతే కండ చచ్చే ప్రమాదం. ఈ ఇరకాటం నుంచి తప్పించుకోవడానికే డన్‌లప్ 1939లో ట్రాక్షన్ పద్ధతి చెప్పాడు. చేయి మడవకుండా బరువులు కట్టి వారాల తరబడి మంచంలో ఉంచడం అది. ముంజేయి కూడా విరిగిన పిల్లవాడికి ఆ లాగుడు ముంజేతి మీదుగానే పోవాలి కాబట్టి, ఈ జంట గాయంలో ట్రాక్షన్ ఎప్పుడూ అరకొర మార్గమే.

గార్ట్‌లాండ్ 1959లో సుప్రాకాండైలర్ ఫ్రాక్చర్లను ముక్కలు ఎంత పక్కకు జరిగాయన్నదాన్ని బట్టి మూడు రకాలుగా విభజించాడు. 1974లో ఫ్లిన్, ఆయన సహచరులు చర్మం మీదుగానే తీగలు దూర్చే పద్ధతిపై తమ ఫలితాలు ప్రచురించారు. ఎక్స్‌రేను ఎప్పటికప్పుడు తెర మీద చూపే సి-ఆర్మ్ యంత్రాలు ఆపరేషన్ గదుల్లోకి వచ్చాక అది మామూలు పనైంది. అప్పటి నుంచి మోచేతిని మడిచి బిగించాల్సిన పని పోయింది. బయటి వైపు నుంచి రెండు తీగలు, చెదిరేలా ఉంటే మూడు. చిన్నపిల్లలకు 1.6 మిల్లీమీటర్లవి, పెద్ద పిల్లలకు 2 మిల్లీమీటర్లవి. విరిగిన గీత దగ్గర తీగలు ఒకదానికొకటి ఎడంగా ఉండాలి. అక్కడే దగ్గరపడితే ముక్క వాటి చుట్టూ తిరిగిపోతుంది. తీగలు పట్టు తప్పడానికి ఎక్కువగా కనిపించే కారణం ఇదే. లోపలి వైపు నుంచి తీగ వేయక తప్పకపోతే మోచేతిని కొంత చాపి, చిన్న కోత పెట్టి, ఆ వైపున పోయే అల్నార్ నరాన్ని కాచుకుంటూ వేయాలి.

అలా మోచేయి సమస్య తీరింది. చాలాకాలం అందరూ అక్కడే ఆగారు. పైన తీగలు, కింద ముంజేతిని సర్ది చుట్టూ గట్టి పిండికట్టు. విడివిడిగా చూస్తే రెండూ సరైన వైద్యాలే. కలిపితే ఏమవుతుందో 2000, 2001లో వచ్చిన రెండు చిన్న అధ్యయనాలు చూపించాయి. మొదటిదాంట్లో రెండు చోట్లా ఎముక ముక్కలు పక్కకు జరిగిన 9 చేతుల్లో 3 కంపార్ట్‌మెంట్ సిండ్రోమ్‌కు దారితీశాయి. రెండోదాంట్లో 16 మంది పిల్లలకూ మోచేతికి తీగలు వేశారు. ముంజేతికి కట్టు మాత్రమే వేసిన 10 మందిలో ఇద్దరికి ఆ సిండ్రోమ్ వచ్చింది, మరో నలుగురికి వచ్చేలా ఉంటే కట్టు వదులు చేయాల్సి వచ్చింది. ముంజేతికీ తీగలు వేసిన ఆరుగురిలో ఎవరికీ రాలేదు.

అంకెలు చిన్నవే, కానీ కారణం స్పష్టం. సర్దిన ముంజేతిని నిలబెట్టాలంటే కట్టు ఒంటిని పట్టి ఉండాలి, మూడు చోట్ల అదిమి మలచాలి. అదే చేతిలోకి మోచేతి నుంచి దిగే వాపు మొదటి 24 నుంచి 48 గంటల్లో పెరుగుతూ ఉంటుంది. కట్టును చీల్చితే ఎముక జారుతుందన్న భయంతో డాక్టరు చేయి వెనకాడుతుంది. తీగ ఉంటే ఆ భయం లేదు. రేడియస్ కొసకు ఒకటి రెండు తీగలు, నడుమ విరిగితే ఎముక లోపల వంగే సన్న కడ్డీ (నెయిల్), ఆపైన చుట్టూ మూయని ఆధారపు పట్టీ (స్ప్లింట్). మోచేతి మడత 60 నుంచి 80 డిగ్రీల మధ్య. కట్టు వేయక తప్పకపోతే దాన్ని పొడవునా కోయాలి, లోపలి దూదినీ చర్మం కనిపించేదాకా కత్తిరించాలి. పైపెంకు మాత్రం చీల్చి, రక్తంతో తడిసి ఎండి గట్టిపడిన దూదిని వదిలేయడం తరచూ జరిగే పొరపాటు.

వరసలో సాధారణంగా మోచేయి ముందు. ధమనికి ముప్పు అక్కడే, అది నిలిచాక ముంజేతిని పట్టుకుని సర్దడం తేలిక. అయితే ముంజేతిని మెలితిప్పేటప్పుడు ఆ జోరు పై తీగల మీద పడకుండా సహాయకుడు మోచేతిని గట్టిగా పట్టుకోవాలి.

ఇంకా ముందు ఎక్స్‌రే సంగతి. మోచేయి వాచి కనబడుతుంటే చూపంతా అక్కడే ఉంటుంది, మణికట్టు తప్పిపోతుంది. రెండు కీళ్లూ ఫిల్ములో పడాల్సిందే. నరాల పరీక్ష మత్తుకు ముందే చేసి రాసుకోవాలి. బొటనవేలు, చూపుడువేలు కొసలు వంచి సున్నా చుట్టగలిగితే మీడియన్ నరపు శాఖ పనిచేస్తున్నట్టు, బొటనవేలు పైకెత్తితే రేడియల్ నరం, వేళ్లు ఎడంచేస్తే అల్నార్ నరం. ఆపరేషన్ తర్వాత పిల్లలు నొప్పి ఎలా ఉందో విడమర్చి చెప్పలేరు. స్థిమితం లేకపోవడం, బెంగ, నొప్పి మందు అంతకంతకు ఎక్కువ అవసరం కావడం గమనించాలి. వేళ్లను చాపితే విలవిల్లాడితే ఆగకూడదు. నాడి అందుతోందన్నది ధీమా ఇచ్చే గుర్తు కాదు, కండ చస్తున్నా నాడి కొట్టుకుంటూనే ఉంటుంది. చేయంతా చాలాసేపు మొద్దుబార్చే నరాల మత్తు (బ్లాకు) ఇస్తే ఈ గుర్తులన్నీ మరుగున పడతాయి. అనుమానం బలపడితే కట్టు పూర్తిగా విప్పడం, అప్పటికీ తగ్గకపోతే ఫేషియాను కోసి విడదీయడం.

మోచేతి తీగలు 3, 4 వారాలకు తీసేస్తారు. ముంజేయి నడుమ విరిగితే కట్టు ఇంకొన్ని వారాలు ఉంచుతారు.

తెగని వాదన ఒకటి మిగిలింది. ముంజేతి ఎముక జరగకుండా కేవలం చిట్లితే తీగ అక్కర్లేదని దాదాపు అందరూ ఒప్పుకుంటారు, కోసిన కట్టు చాలు. కాస్త జరిగి, సర్దితే నిలిచేలా ఉన్న ఫ్రాక్చర్ల దగ్గరే సర్జన్లు విడిపోతారు. తర్వాతి కాలపు కొన్ని అధ్యయనాల్లో ఆ సిండ్రోమ్ అంత తరచుగా కనిపించలేదు, బహుశా కట్లు వదులుగా వేయడం అప్పటికే అలవాటు కావడం వల్లనే కావచ్చు. మా దృష్టిలో కట్టును నిలువునా చీల్చినా ఎముక నిలబడుతుందా అన్నదే అడగాల్సిన ప్రశ్న. నిలబడదనిపిస్తే పిల్లవాడు ఎలాగూ మత్తులో ఉన్నాడు, ఇంకో తీగ వేయడమే మేలు.