అండాశయ కేన్సర్‌ను వెతికే బుడగలు

అండాశయ కేన్సర్‌ అండాశయం దాటకముందే దొరికితే పదిమందిలో తొమ్మిదిమందికి పైగా అయిదేళ్ల తర్వాత కూడా బతికే ఉంటారు. కానీ చాలామందిలో అది బయటపడేసరికే పొట్టంతా పాకేస్తుంది. కడుపు ఉబ్బరం, కాస్త తినగానే నిండిపోయినట్టుండటం లాంటి లక్షణాలను ఎవరైనా గ్యాస్ అనే అనుకుంటారు.

పోనీ, ఏ బాధా లేనివాళ్లకే ముందుగా పరీక్షలు చేస్తే? బ్రిటన్‌లో 2 లక్షల మందికి పైగా మహిళలతో ఆ అధ్యయనం జరిగింది. కొందరికి ఏటా సీఏ-125 అనే ప్రొటీన్ ఎంతుందో చూసే రక్తపరీక్ష, కొందరికి స్కానింగ్, మిగతావారికి ఏమీ లేదు. 2021లో తుది ఫలితం వచ్చింది: మరణాలు తగ్గలేదు. అంతమంది అన్నేళ్లు సహకరించాక ఇలా తేలడం నిజంగా బాధాకరం.

మామూలు అల్ట్రాసౌండ్‌లో గడ్డ ఆకారం కనిపిస్తుంది. దాని స్వభావం తెలియాలంటే వేరే దారి కావాలి. మైక్రోబబుల్స్ అలాంటి ఒక దారి. ఇవి ఎర్ర రక్తకణం కన్నా చిన్న వాయు బుడగలు, చుట్టూ పలచని కొవ్వు పొర. నరానికి ఇంజెక్షన్ చేస్తే రక్తంతో పాటు తిరుగుతాయి. ధ్వని తరంగం తాకగానే కుంచించుకుని, మళ్లీ ఉబ్బుతూ కంపిస్తాయి. చుట్టూ ఉన్న కండ అలా కంపించదు కాబట్టి బుడగల సంకేతాన్ని యంత్రం విడదీయగలదు. చివరికి ఆ వాయువు ఊపిరితో బయటికి పోతుంది.

ఈ బుడగలు రక్తనాళం దాటి బయటికి రాలేవు. అందుకే శాస్త్రవేత్తలు నాళాల గోడనే గురిపెట్టారు. కణితి ఒకటి రెండు మిల్లీమీటర్లు మించి పెరగాలంటే కొత్త రక్తనాళాలు కావాలి. వాటి గోడల మీద వీఈజీఎఫ్ఆర్-2 అనే ప్రొటీన్ ఎక్కువగా ఉంటుంది. బీఆర్55 అనే బుడగల పైపొరలో దానికి అతుక్కునే పెప్టైడ్ (చిన్న ప్రొటీన్ ముక్క) ఉంది. ఇంజెక్షన్ ఇచ్చాక కొన్ని నిమిషాలు ఆగుతారు. ఊరికే తిరిగేవి చాలావరకు పోయి, అతుక్కున్నవి మెరుస్తూ మిగులుతాయి.

దీన్ని రొమ్ము, అండాశయ గడ్డలున్న మహిళల్లో పరీక్షించి 2017లో ఫలితాలు ప్రచురించారు. కేన్సర్ ఉన్న అండాశయ గడ్డల్లో 77 శాతం గట్టి సంకేతమిచ్చాయి. కేన్సర్ కాని వాటిలో 78 శాతం ఏ సంకేతమూ ఇవ్వలేదు. ఆశ పుట్టించే అంకెలే, కానీ పాల్గొన్నది కొద్దిమందే. పైగా నెలసరి వచ్చే వయసులో అండం విడుదలయ్యాక ఆరోగ్యమైన అండాశయంలోనూ కొత్త నాళాలు పుడతాయి, బుడగలు అక్కడా అతుక్కోవచ్చు.

ఇంకో చిక్కుంది. ఈ కేన్సర్లలో ఎక్కువ ప్రాణాలు తీసే రకం చాలాసార్లు ఫెలోపియన్ ట్యూబ్ (అండాన్ని గర్భాశయానికి చేర్చే గొట్టం) చివర కొన్ని కణాలుగా మొదలవుతుంది. అప్పటికి కొత్త నాళాలే ఉండవు కాబట్టి బుడగకు పట్టు దొరకదు. అందుకే నా ఉద్దేశంలో ఇది ముందు పనికొచ్చేది ఊరంతటికీ చేసే స్క్రీనింగ్‌కు కాదు. స్కానింగ్‌లో గడ్డ కనిపించి, ఆపరేషన్ చేయాలా వద్దా అని డాక్టర్ తేల్చుకోలేక, ఆ మహిళ టెన్షన్‌తో ఎదురుచూస్తున్నప్పుడు.