తెలుగు పెట్టాం కదా, ఇంకేం కావాలి? యాప్ డిజైన్: అపోహలు - వాస్తవాలు

బిల్లులు కట్టే యాప్‌లకు ప్రొడక్ట్ డిజైనర్‌గా పనిచేస్తాను. పెళ్లిళ్లలో ఎవరైనా ఏం చేస్తావని అడిగితే "యాప్ డిజైన్" అంటాను. "ఓహో, బొమ్మలేస్తావా?" అంటారు. మొదటి అపోహ అక్కడే ఉంది. రంగులూ బొమ్మలూ నా పనిలో చిన్న వాటా. ఏ ప్రశ్న ముందు అడగాలి, మధ్యలో నెట్ పోతే స్క్రీన్ మీద ఏం కనబడాలి, ఖాతాలో డబ్బులు కట్ అయి బిల్లు మాత్రం కట్టినట్టు చూపించకపోతే ఆ టెన్షన్‌లో ఉన్న మనిషికి ఏ మాట చెప్పాలి... రోజంతా వీటితోనే సరిపోతుంది.

అపోహ: తెలుగులోకి మార్చేస్తే అందరికీ అర్థమవుతుంది.

దీనికి నేనూ బలయ్యాను. కరెంటు బిల్లు స్క్రీన్‌ని తెలుగు చేయించినప్పుడు అనువాదంలో "సేవా సంఖ్య నమోదు చేయండి" అని వచ్చింది. చదివి, తప్పుల్లేవు కదా అని వదిలేశాను. తర్వాత దాన్ని ఒక పెద్దావిడకు చూపిస్తే "ఏం సేవ బాబూ?" అని అడిగింది. సర్వీస్ నంబర్ అంటే మాత్రం వెంటనే బిల్లు తీసింది. అయినా చిక్కు తీరలేదు. తెలంగాణలో బిల్లు మీద సర్వీస్ నంబరొకటి, యూఎస్‌సీ నంబరొకటి, రెండూ ఉంటాయి. ఏది కొట్టాలి? చివరికి బిల్లు ఫొటో పెట్టి, కావాల్సిన నంబర్ చుట్టూ ఎర్ర గీత గీశాం. ఎంత మంచి అనువాదం తెచ్చినా ఆ గీత చేసిన పని చేసేది కాదు.

బటన్ల మీద మాటలైతే మరీ ప్రమాదం. నెలనెలా బిల్లు దానంతటదే కట్టే ఏర్పాటును ఆపబోతే "ఆటోపే రద్దు చేయాలా?" అని అడిగి, కింద "రద్దు", "సరే" అని రెండు బటన్లు పెడతారు. ఏది నొక్కితే ఏమవుతుంది? ఇంగ్లిష్‌లోనే ఉన్న ఈ తికమకను మనం శ్రద్ధగా తెలుగులోకి మోసుకొచ్చాం. "అవును, ఆపేయండి", "వద్దు, ఉంచండి" అని రాస్తే గొడవే ఉండదు.

లిపి సంగతి వేరే. "లక్ష్మి" అని రాసి చూడండి: పైన గుడి, కింద మ వత్తు. ఇంగ్లిష్ అక్షరాల ఎత్తుకు కొలిచిన బటన్‌లో పెడితే వత్తు తెగిపోతుంది. ఇంగ్లిష్‌లో "పే" అని మూడక్షరాల్లో అయిపోయేది మనకు "చెల్లించండి" అవుతుంది. అందుకే నేను ముందు తెలుగు స్క్రీన్ గీసి, తర్వాత ఇంగ్లిష్‌ని అందులో కూర్చోబెడతాను. (మన లిపితో తంటాలు పెద్ద కంపెనీలకూ తప్పలేదు. 2018లో "జ్ఞా"ను కనబడని ఒక గుర్తుతో కలిపి పంపితే ఐఫోన్‌లో మెసేజ్ యాప్‌లు కుప్పకూలేవి. ఐఓఎస్ 11.2.6 అప్‌డేట్‌తో సరిచేశారు.)

అపోహ: జనానికి ఏం కావాలో అడిగితే చెబుతారు.

మన దగ్గర అస్సలు చెప్పరు. ఇంటికొచ్చిన మనిషి తను చేసిన వస్తువు చూపించి ఎలా ఉందని అడిగితే బాగోలేదని ఎవరంటారు? టీ ఇచ్చి మరీ "బాగుందండి" అంటారు. ఒక కిరాణా కొట్టాయన యాప్ చాలా తేలికగా ఉందన్నాడు, పక్కన నిలబడ్డ కొడుకు చేత రీఛార్జ్ చేయిస్తూ. అందుకే ఇప్పుడు అభిప్రాయం అడగను. "మీ ఇంటి బిల్లు కట్టండి" అని ఫోన్ ఇచ్చి, వేలు ఎక్కడ ఆగుతుందో చూస్తాను. అప్పుడు నోరు మూసుకుని కూర్చోవడమే కష్టం.

ఎంతమందిని చూడాలి? వెబ్‌సైట్లూ యాప్‌లూ వాడటం ఎంత తేలికో పరీక్షించే నిపుణుడు జేకబ్ నీల్సన్ 2000లో ఐదుగురు చాలని రాశాడు. ఆ అంకెను అందరూ పట్టుకున్నారు గానీ, దాని వెనకున్న షరతులు వదిలేశారు. ఐదుగురితో చూసి, సరిచేసి, మళ్లీ ఇంకో ఐదుగురితో చూడాలన్నది ఆయన లెక్క. వాడేవాళ్లు వేర్వేరు రకాలైతే ఒక్కో రకం నుంచి కొందరిని తీసుకోవాలి. ఆఫీసులో ఐదుగురు ఇంజినీర్లకు చూపించి "టెస్టింగ్ అయిపోయింది" అనడం కుదరదు.

అపోహ: ఎన్ని తక్కువ క్లిక్కులైతే అంత మంచిది.

మూడు క్లిక్కుల్లో పని అయిపోవాలనే నియమం మీటింగుల్లో ఇంకా వినబడుతుంది. 2003లో జాషువా పోర్టర్ అనే డిజైన్ పరిశోధకుడు 8 వేలకు పైగా క్లిక్కులు పరిశీలిస్తే, మూడు దాటాక జనం పని వదిలేసి వెళ్లిపోతారనడానికి ఆధారం దొరకలేదు. నొక్కిన ప్రతిసారీ దారి సరైనదేనని తెలుస్తుంటే ఐదారు నొక్కులు ఎవరికీ భారం కాదు.

డబ్బు దగ్గరైతే నేను కావాలనే ఒక మెట్టు పెంచుతాను. యూపీఐలో డబ్బు తీసుకోవడానికి పిన్ అక్కర్లేదు. ఆ సంగతి తెలియనివాళ్లనే మోసగాళ్లు పట్టుకున్నారు. తామే డబ్బు అడుగుతూ రిక్వెస్ట్ పంపి, "పిన్ కొడితే మీ ఖాతాలో పడతాయి" అని నమ్మించేవాళ్లు. ఆ స్క్రీన్ చకచకా జరిగిపోవడం వాళ్లకే లాభించింది. చివరికి మనుషుల మధ్య అలాంటి రిక్వెస్టులను 2025 అక్టోబర్ 1 నుంచి యూపీఐని నడిపే సంస్థ ఎన్‌పీసీఐ ఆపేయించింది. "మీ ఖాతా నుంచి 2,000 రూపాయలు వెళ్తాయి" అని పెద్ద అక్షరాల్లో చెప్పి ఒక్క క్షణం ఆపే స్క్రీన్ చికాకే. ఆ చికాకు ఉండాల్సిందే.

అపోహ: పెద్దవాళ్లకు ఫోన్ రాదు.

మా అమ్మ ఫోన్‌లో అక్షరాల సైజు పెద్దది. మేం చేసిన యాప్ అందులో తెరిస్తే "కట్టండి" బటన్ స్క్రీన్ కిందికి జారిపోయింది, పైకి జరపడానికీ వీల్లేదు. "నాకు రావట్లేదురా" అంది. రానిది ఆమెకు కాదు, బటనే రాలేదు. అప్పటినుంచి ఆఫీసులో ఒక టెస్టింగ్ ఫోన్‌ని ఎప్పుడూ పెద్ద అక్షరాలతోనే ఉంచుతాను. కొత్తగా చేరినవాళ్లు ఎవరో సెట్టింగ్ పాడుచేశారనుకుని మామూలు సైజుకు తెస్తుంటారు. మళ్లీ మార్చి పెడుతుంటాను.