సర్క్యూట్ బోర్డుల లైన్‌లో ఏఐ: అపోహలు – వాస్తవాలు

పన్నెండేళ్లుగా సర్క్యూట్ బోర్డుల తయారీలో క్వాలిటీ చూస్తున్నాను. మొదట హైదరాబాద్ చర్లపల్లిలో, తర్వాత శ్రీసిటీ వైపు. ఈ మధ్య ఏ మీటింగ్‌కి వెళ్లినా "మీ లైన్లో ఏఐ పెట్టారా?" అనే అడుగుతున్నారు. అడిగేవాళ్లలో చాలామంది లైన్ పక్కన పది నిమిషాలైనా నిలబడి ఉండరు.

ఈ పని తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. ఖాళీ బోర్డు మీద స్టెన్సిల్ పెట్టి సోల్డర్ పేస్ట్ అద్దుతాం. మెషీన్ ఆ పేస్ట్ మీద నువ్వుగింజ కన్నా చిన్న పార్టులను పెడుతుంది. రిఫ్లో ఓవెన్‌లో బోర్డు 240 డిగ్రీల దాకా వేడెక్కి, పేస్ట్ కరిగి, పార్టులు అతుక్కుంటాయి. ఓవెన్ దాటాక ఏఓఐ అనే కెమెరా మెషీన్ ప్రతి అతుకునూ ఫొటో తీసి బాగుందో లేదో చెబుతుంది. మన ఫ్యాక్టరీల్లో ఏఐ మొదట అడుగుపెట్టేది ఎక్కువగా ఇక్కడే.

అపోహ: ఏఐ వస్తే ఇన్‌స్పెక్షన్‌లో ఉన్న అమ్మాయిల ఉద్యోగాలు పోతాయి.

పాతరకం ఏఓఐకి అనుమానం ఎక్కువ. వెలుతురు కాస్త వేరుగా పడినా, పార్టు మీద అచ్చు మసకబారినా "లోపం" అంటుంది. దీన్నే మేం ఫాల్స్ కాల్ అంటాం. ఉదాహరణకు ఒక బోర్డులో 400 పార్టులు, షిఫ్టుకి 1,000 బోర్డులు అనుకోండి. మొత్తం 4 లక్షల తనిఖీలు. అందులో అర శాతం ఫాల్స్ కాల్స్ వచ్చినా 2,000 అవుతాయి. ఒక్కొక్కటి చూసి తేల్చడానికి 5 సెకన్లు పడితే, దాదాపు మూడు గంటలు ఒక మనిషి బాగున్న అతుకులనే చూస్తూ కూర్చోవాలి. అసలు లోపాలు మాత్రం పదో ఇరవయ్యో ఉంటాయి. ఏఐ తగ్గించేది ఈ చాకిరీని. ఆ స్టేషన్లో కుర్చీలు తగ్గవని అబద్ధం చెప్పను, తగ్గుతాయి. కానీ ఫొటో చూసి తీర్పు చెప్పగల మనిషి విలువ పెరుగుతుంది. ఎందుకో కింద చెబుతాను.

అపోహ: ఏళ్ల తరబడి డేటా ఉంది, ఇచ్చేస్తే ఏఐ తనే నేర్చుకుంటుంది.

నేను దెబ్బ తిన్నది ఇక్కడే. అప్పట్లో పనిచేసిన ఒక ఫ్యాక్టరీలో రెండేళ్ల ఏఓఐ ఫొటోలు ఉండేవి. ప్రతి ఫొటోకీ ఆపరేటర్ నొక్కిన బటన్, "ఓకే" లేదా "రిజెక్ట్", రికార్డయి ఉంది. ఇంకేం కావాలి అనుకుని మోడల్‌ని వాటితోనే ట్రైన్ చేశాం. పైలట్ ట్రయల్‌లో అది పైకి లేచిన పార్టులను కూడా నిబ్బరంగా "ఓకే" అనేసింది.

తిరగేసి చూస్తే సంగతి బయటపడింది. నైట్ షిఫ్టులో తెల్లవారుజామున నొక్కిన బటన్ల మధ్య గ్యాప్ ఒక సెకను కూడా లేదు. టార్గెట్ టెన్షన్లో ఫొటో చూడకుండానే ఓకే, ఓకే, ఓకే. ఆ అమ్మాయిలను తిట్టి లాభం లేదు. ఉత్పత్తి పెంచితే డబ్బిచ్చే కేంద్ర ప్రభుత్వ 2020 నాటి మొబైల్ పీఎల్ఐ పథకం కూడా పెరిగిన అమ్మకాల మీద 4 నుంచి 6 శాతం ప్రోత్సాహకం ఇచ్చేదే. పైనుంచి కింద దాకా అందరం బోర్డులే లెక్కపెట్టాం, బటన్ ఎలా నొక్కారో ఎవరూ చూడలేదు. మా మోడల్ సోల్డరింగ్ నేర్చుకోలేదు, నిద్రమత్తు నేర్చుకుంది.

తర్వాత అతుకు ఎలా ఉంటే ఒప్పుకోవచ్చో చెప్పే ఐపీసీ-ఏ-610 ప్రమాణం దగ్గర పెట్టుకుని ముగ్గురు సీనియర్ ఆపరేటర్లతో కొన్ని వేల ఫొటోలకు మళ్లీ లేబుల్ వేయించాం. "డౌట్" అని మూడో బటన్ కూడా పెట్టించాం. మొదటి వారం అందరూ దాన్నే నొక్కారు. విసుగొచ్చింది గానీ, మా ముగ్గురు నిపుణులకే ఏకాభిప్రాయం లేని లోపాలు ఏవో ఆ బటన్ వల్లే తెలిసింది.

అపోహ: 99 శాతం కచ్చితత్వం ఉంటే చాలు.

అన్నిటికీ "ఓకే" అనే మోడల్‌కి కూడా 99 శాతం పైనే వస్తుంది, లోపాలే అంత తక్కువ కాబట్టి. అమ్మడానికి వచ్చినవాళ్లను అడగాల్సింది ఒక్కటే: నిజమైన లోపాల్లో ఎన్ని తప్పించుకుపోయాయి? జవాబు చెప్పకుండా ఇంకో స్లైడ్ చూపిస్తే కాఫీ ఇచ్చి పంపేయండి.

అపోహ: చైనా ప్లాంట్లో పనిచేసిన మోడల్ ఇక్కడా పనిచేస్తుంది.

అక్కడ ఒకే బోర్డు నెలల తరబడి నడవవచ్చు. మన దగ్గర చాలా యూనిట్లలో పొద్దున ఎల్ఈడీ డ్రైవర్, మధ్యాహ్నం మీటర్ బోర్డు. ఆకుపచ్చ బోర్డు పోయి నల్ల బోర్డు వచ్చినా, కెపాసిటర్ సప్లయర్ మారినా మోడల్ తడబడుతుంది. మార్పు జరిగిన ప్రతిసారీ మళ్లీ పరీక్షించాలి.

అపోహ: ఏఐ పెడితే లోపాలు తగ్గుతాయి.

ఏఓఐ దగ్గర పెట్టిన ఏఐ లోపాన్ని పట్టుకుంటుందే గానీ ఆపదు. ఫ్రిజ్‌లోంచి తీసిన పేస్ట్ డబ్బాని గది వేడికి రానివ్వకుండా మూత తీస్తే లోపల తేమ పడుతుంది, ఓవెన్లో చిన్న చిన్న సోల్డర్ బంతులు చిందుతాయి. అక్టోబరు, నవంబరు వానల్లో మా వైపు ఈ గొడవ మరీ ఎక్కువ. దానికి కావలసింది గోడ మీద గడియారం, డబ్బా మీద తీసిన టైమ్ రాసిన స్టిక్కర్.

అపోహ: చిన్న యూనిట్లకు ఇది అందని పండు.

ఒక్క లైన్‌కి గ్రాఫిక్స్ కార్డున్న పీసీతో మొదలుపెట్టవచ్చు. అడ్డంకి డబ్బు కన్నా ముందు, బోర్డుకి బార్‌కోడ్ లేకపోవడం, మెషీన్ల గడియారాలు కలవకపోవడం. చర్లపల్లిలో పేస్ట్ అద్దే మా ప్రింటర్‌కీ ఏఓఐకీ ఏడు నిమిషాల తేడా ఉండేది. పేస్ట్ తక్కువ పడిన బోర్డు ఏదో, అతుకు ఊడింది ఏ బోర్డులోనో కలిపి చూసే దారే లేదు. మెషీన్లన్నిటినీ ఒకే టైమ్ సర్వర్‌కి కలపడానికి పట్టింది ఒక మధ్యాహ్నం, అయిన ఖర్చు నెట్‌వర్క్ కేబుళ్లు.