బ్రెయిలీ డిస్‌ప్లే ఒక్క వరుస దగ్గరే ఎందుకు ఆగింది

కంప్యూటర్‌లోని అక్షరాన్ని వేలికి అందించే బ్రెయిలీ డిస్‌ప్లేలు 1970ల మధ్యలో మొదలయ్యాయి. ఇన్నేళ్లయినా చాలామంది అంధుల చేతికింద ఉన్నది ఒకే వరుస: 20 సెల్స్ (ఒక్కో బ్రెయిలీ గుర్తు పట్టే చుక్కల గళ్లు), లేదా 40. పటాన్నీ గ్రాఫునూ తడిమి తెలుసుకోవాలన్న కోరిక మాత్రం అంతకంటే పాతది.

స్టాన్‌ఫోర్డ్ ఆచార్యుడు జాన్ లిన్విల్, చూపులేని తన కూతురు క్యాండీ కోసం తలపెట్టిన ఆప్టకాన్ 1971లో మార్కెట్‌లోకి వచ్చింది. కుడిచేత్తో చిన్న కెమెరాను అచ్చుపంక్తి మీద జరుపుతుంటే, ఎడమ చూపుడువేలి కింద 144 పిన్నులు కంపించి అక్షరం ఆకారాన్నే చూపించేవి. బొమ్మయినా సరే అందేది, కానీ ఒకసారికి అక్షరమంత ముక్కే. దాని తయారీ 1996లో ఆగిపోయింది.

బ్రెయిలీ డిస్‌ప్లే తీరు వేరు. ఒక్కో చుక్కకు ఒక పీజో సిరామిక్ పట్టీ ఉంటుంది. దాదాపు 200 వోల్టులు ఇస్తే దాని కొస వంగి పిన్నును పైకి లేపుతుంది. సెల్‌కు ఎనిమిది చుక్కలు, కాబట్టి 40 సెల్స్‌కు 320 పట్టీలు. ధర అక్కడే మోయలేనంత అయింది. ధర కంటే పెద్ద చిక్కు పట్టీ పొడవు. వేలికి తెలిసేంత ఎత్తు లేపాలంటే అది కొన్ని సెంటీమీటర్లు ఉండాలి, సెల్ వెనకాల పడుకుని ఉండాలి. పక్కపక్కన ఎన్ని సెల్స్ అయినా పేర్చొచ్చు, రెండో వరుసకే చోటు మిగలదు.

తెలుగుకు ఈ ఇరుకు మరీ ఎక్కువ. భారతీయ భాషలకు వాడే భారతి బ్రెయిలీలో గుణింతపు గుర్తుకు విడిగా ఒక సెల్ కావాలి. ‘తెలుగు’ అచ్చులో మూడక్షరాలే, వేలికింద ఆరు సెల్స్. అలాంటి మాటలు మూడు, మధ్య ఖాళీలతో కలిపి, 20 సెల్స్ నిండిపోతాయి. పైగా చెమట, చర్మపు జిడ్డు పేరుకుంటే పిన్ను లేవదు. ‘గ’ అంటే 1-2-4-5 చుక్కలు. అందులో నాలుగోది ఇరుక్కుంటే అది ‘హ’ అయిపోతుంది, గాలి కాస్తా హాలి. తప్పు ఎప్పుడూ ఒకే సెల్‌లో వస్తుంటే పిన్నునే అనుమానించాలి. చోటు మారుతూ అదే అక్షరం దగ్గర వస్తుంటే స్క్రీన్ రీడర్‌లో (తెర మీది అక్షరాలను మాటగానో బ్రెయిలీగానో మార్చే సాఫ్ట్‌వేర్) బ్రెయిలీ పట్టిక, అంటే ఏ అక్షరానికి ఏ చుక్కలో చెప్పే జాబితా, సరిచూసుకోవాలి. చేతులు కడుక్కుని బాగా ఆరాక చదివితే సగం బెడద తప్పుతుంది.

జర్మనీలో 7,200 పీజో పిన్నుల పలక చేసి చూపించారు గానీ, అది మామూలు మనిషి కొనగలిగే వస్తువు కాలేదు. కొరియా సంస్థ డాట్ పీజోను వదిలి విద్యుదయస్కాంతాన్ని నమ్ముకుంది. ఆ పద్ధతి మీదే వచ్చింది అంధుల కోసం పనిచేసే అమెరికన్ ప్రింటింగ్ హౌస్ వారి మోనార్క్ అనే పలక: అడ్డంగా 96, నిలువునా 40, మొత్తం 3,840 పిన్నులు. అక్షరాలైతే 32 సెల్స్ చొప్పున 10 వరుసలు. పిన్నులన్నీ సమదూరంలో ఉన్నాయి కాబట్టి సమీకరణం పక్కనే దాని పారాబోలా గీయొచ్చు, బెంజీన్ వలయం చూపొచ్చు. గణితం, రసాయనం చదవాలనుకునే అంధ విద్యార్థి ఇన్నాళ్లూ ఎదురుచూసింది దీనికోసమే.

అయితే కంటికోసం గీసిన బొమ్మను ఉన్నదున్నట్టు పంపితే పనికిరాదు. ఆంధ్రప్రదేశ్ జిల్లాల పటాన్ని ఒకేసారి పెడితే సరిహద్దులు అతుక్కుపోతాయి. మూడు సెల్స్ పేరు రాయాలన్నా 9 పిన్నుల వెడల్పు పోతుంది. ముందు రాష్ట్రం హద్దు, తర్వాత గోదావరి, కృష్ణ, ఆ తర్వాత ఒక్కో జిల్లాను పెద్దది చేసి చూపాలి. గీతకూ గీతకూ మధ్య కనీసం రెండు పిన్నుల ఖాళీ వదలాలి, పేర్లను చదివి వినిపించే స్పీచ్‌కు అప్పగించాలి.