గొర్రెకేం తెలుసు అంటారు: జంతువుల తెలివిపై అపోహలు, వాస్తవాలు

దేవరకొండ చుట్టుపక్కల పల్లెల్లో పద్దెనిమిదేళ్లుగా పశువైద్యం చేస్తున్నాను. తెలివితక్కువ మనిషిని తిట్టాలంటే మనకు ముందు నోటికొచ్చేవి గొర్రె, గాడిద, దున్నపోతు. తిట్టుతో ఆగితే బాధ లేదు. జబ్బు ముదిరాక నా దగ్గరికి వచ్చే జీవాల వెనుక ‘దానికేం తెలుసు’ అన్న మాట చాలాసార్లు ఉంటుంది.

అపోహ: గొర్రెకు బుద్ధి లేదు. ముందుది ఎటు పోతే అటే పోతుంది.

వాస్తవం: తోడేళ్లు తిరిగే చోట మంద నుంచి విడిపోయిన గొర్రె బతకడం కష్టం. కలిసి కదలడమే దానికి రక్షణ. ఇక ముఖాలు గుర్తుపట్టడంలో గొర్రెను తక్కువ చేయడానికి లేదు. 50 దాకా తోటి గొర్రెల ముఖాలను అవి రెండేళ్లపాటు గుర్తుంచుకుంటాయని ఇంగ్లండులోని బాబ్రహాం ఇన్‌స్టిట్యూట్ పరిశోధకులు 2001లో చూపారు. 2017లో కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయంలో శిక్షణ పొందిన గొర్రెలు ఒబామా ఫొటోను వేరే ముఖాల పక్కన పెట్టినా ఎంచుకోగలిగాయి.

మన కాపరులకు ఇది కొత్త కాదు. ఒకసారి నట్టల మందు తాగించడానికి మంద దగ్గరికి వెళ్లాను. సంచి ఇంకా బండి మీదే ఉంది. ఒక నల్ల గొర్రె తల పైకెత్తి నన్నే చూసింది, ముందుకాలితో నేలను తన్ని మందలోకి దూరింది.

‘‘ఉగాది ముందు సూది వేసింది మీరే కదా సారూ, అది మరిచిపోలేదు’’ అన్నాడు కాపరి.

‘‘ఇన్ని జీవాల్లో అదే ఇదని నీకెలా తెలుసు తాతా?’’ అని అడిగాను.

‘‘మొహం చూసి’’ అన్నాడు.

గొర్రె కసాయివాణ్ణే నమ్ముతుందని సామెత. మేత పెట్టిన చేతిని నమ్మితే అది తెలివితక్కువతనం ఎలా అవుతుంది?

అపోహ: మెదడు ఎంత పెద్దదైతే అంత తెలివి.

వాస్తవం: అలాగైతే మనం ఏనుగు ముందు చేతులు కట్టుకుని నిలబడాలి. మన మెదడు కిలోన్నర లోపే, ఏనుగుది ఐదు కిలోల దాకా ఉంటుంది. నాడీకణాలు మనకు సుమారు 8,600 కోట్లు, ఏనుగుకు సుమారు 25,700 కోట్లు. కానీ దాని కణాల్లో నూటికి 97కు పైగా చిన్నమెదడులోనే ఉన్నాయి. ఆలోచనకు ముఖ్యమైన పైపొరలో మనకు 1,600 కోట్లుంటే దానికి 560 కోట్లే.

అపోహ: గంగిరెద్దుకు మన మాటలన్నీ అర్థమవుతాయి.

వాస్తవం: బెర్లిన్‌లో హాన్స్ అనే గుర్రం లెక్క అడిగితే గిట్టతో తట్టి జవాబు చెప్పేది. అడిగినవారికే జవాబు తెలియకపోతే దానికీ తెలిసేది కాదని మనస్తత్వ పరిశోధకుడు ఆస్కార్ ఫుంగ్‌స్ట్ 1907లో వెల్లడించాడు. జవాబు దగ్గరపడగానే మనిషి తనకు తెలియకుండానే చేసే చిన్న కదలికను అది పట్టేసేది. గంగిరెద్దు కూడా ఆడించేవాడి పగ్గాన్ని, గొంతును, చేతిని ఏళ్ల తరబడి చూసి నేర్చుకుంటుంది. ఇదంతా ఉత్త మోసమని కొట్టిపారేసేవారితో నేను ఏకీభవించను. మనిషి ఒంటిని అంత నిశితంగా చదవడం మనలో ఎందరికి వచ్చు?

అపోహ: పాము పగబడుతుంది.

వాస్తవం: పగబట్టదు. ఎలుకలు, దాక్కునే చోటు ఉన్న దగ్గరికి ఇంకో పాము వస్తుంది, అంతే. మనిషి ముఖాన్ని గుర్తుపెట్టుకుని వెంటపడేది కాకి. అమెరికాలోని సియాటిల్‌లో ఒక ముసుగు తొడుక్కుని కాకులను పట్టి వదిలేశారు. ఏళ్లు గడిచినా ఆ ముసుగు కనబడితే కాకులు గోలపెట్టాయి.

అపోహ: జీవాలకు నొప్పి అంతగా తెలియదు, తెలిస్తే అరుస్తాయి.

వాస్తవం: నాకు ఎక్కువ కోపం తెప్పించే మాట ఇది. బలహీనంగా కనబడితే వేటాడే జంతువు కన్ను పడుతుంది కాబట్టి గొర్రె నొప్పిని దాచుకుంటుంది. కానీ దాని ముఖం ఆ నొప్పిని బయటపెట్టేస్తుంది. సాయంత్రం దొడ్డికి చేరాక, కళ్లు సగం మూసి, చెవులు వాల్చి, దవడ బిగించి పక్కకు నిలబడిన జీవం కనిపిస్తే తెల్లవారేదాకా ఆగకండి. పొదుగును, గిట్టల సందులను చేత్తో తాకి చూడండి.