అవ్వ కథ చెబితే ఇంగ్లీష్ పాడవుతుందా? పడుకునే ముందు కథలపై అపోహలు - వాస్తవాలు

సంక్రాంతి దాటిందంటే హనుమకొండలో ఏ కరెంటు స్తంభం చూసినా నర్సరీ అడ్మిషన్ల ఫ్లెక్సీలే. అవి కట్టిన వారం నుంచి మా స్పీచ్ థెరపీ గదిలో ఒకటే ప్రశ్న: "మేడం, రాత్రి పండుకునేటప్పుడు కథలు ఇంగ్లీష్‌లనే చదవాలె కదా? తెలుగు కలిస్తే పిల్లగాడు కన్ఫ్యూజ్ అయితడట, మాటలు లేటయితయట!" ఎవరు చెప్పారంటే, "అందరూ అంటున్నరు."

ఆ అందరినీ ఒక్క పూట మా గదిలో కూర్చోబెట్టాలని ఉంటుంది నాకు.

అపోహ: కథలు ఇంగ్లీష్‌లోనే చదవాలి. ఇంట్లో భాష కలిస్తే మాటలు ఆలస్యమవుతాయి.

వాస్తవం: రెండు భాషలు వినడం వల్ల మాటలు ఆలస్యం కావు. రెండు భాషల మధ్య పెరిగే పిల్లలకు ఒక్కో భాషలో పదాలు కొంచెం తక్కువ ఉన్నట్టు కనిపించవచ్చు. రెండూ కలిపి లెక్కపెడితే మిగతా పిల్లలకు తీసిపోరు. "మమ్మీ, వాటర్ కావాలె" అన్నాడంటే కన్ఫ్యూజ్ అయినట్టు కాదు. "ఛార్జర్ తే, ఫోన్ డెడ్ అయింది" అని మనం రోజూ అంటూనే ఉన్నాం కదా. మండిబజార్ వైపు ఎన్నో ఇళ్లలో ఉర్దూ, గడప దాటితే తెలుగు. మహబూబాబాద్ తండాల్లో ఇంట్లో లంబాడీ, అంగన్‌వాడీలో తెలుగు. కాజీపేట రైల్వే క్వార్టర్లలో పిల్లలు ఆడుకుంటుంటే ఎన్ని భాషలు వినిపిస్తాయో. వాళ్లందరికీ మాటలు ఆగిపోయాయా?

నిజంగా భాష ఆలస్యం ఉన్న పిల్లకు అది రెండు భాషల్లోనూ ఉంటుంది. ఒకటి మానేసినంత మాత్రాన రెండోది బాగుపడదు. ఇంట్లో ఉన్న ఆ కాస్త ముచ్చట కూడా పోతుంది, అంతే.

అసలు నష్టం ఎక్కడ జరుగుతుందో మా గదిలో దగ్గర నుంచి చూస్తుంటాను. మా దగ్గరకు వచ్చే తల్లుల్లో చాలామంది ఇంటర్ దాకా తెలుగు మీడియంలో చదివినవాళ్లు. ఇంగ్లీష్ బొమ్మల పుస్తకం చేతికిస్తే "దిస్ ఈజ్ ఎ క్యాట్" అని పేజీ తిప్పుతారు. "దిస్ ఈజ్ ఎ డాగ్" అని ఇంకో పేజీ. తప్పు పలుకుతున్నానేమో అని టెన్షన్. నిమిషంలో పుస్తకం అయిపోతుంది, పిల్లవాడు అప్పటికే తలుపు దగ్గరుంటాడు. మొన్న ఒకామెను ఆపి, "ఇంగ్లీష్ పక్కన పెట్టమ్మా, ఇంట్లో మాట్లాడినట్టే చెప్పు" అన్నాను. అదే పిల్లి బొమ్మ, అదే తల్లి. "అగో, పిల్లి! మన గోడ మీదికెల్లి వస్తది సూడు, అదే. నిన్న ఏం జేసింది? పాలు తాగింది, గిన్నె కింద పడేసింది. అవ్వ ఏమన్నది?" తలుపు దగ్గర నుంచి వెనక్కొచ్చిన పిల్లవాడు చెయ్యి విసిరి "పో!" అన్నాడు.

ఆ ఒక్క పేజీ మీద నిన్న జరిగింది గుర్తు చేసుకోవడం ఉంది. దేని వల్ల ఏం జరిగిందో ఉంది, ఎవరేమన్నారో ఉంది, అడిగితే తన వంతు మాట చెప్పడం ఉంది. రేపు బడిలో ఇంగ్లీష్ టీచర్ కథ చదివితే అర్థం కావడానికి కావలసినవి ఇవే. ఇంటి భాషలో గట్టిపడితే ఇవి రెండో భాషలోకీ వస్తాయి. ఇంగ్లీష్ హాయిగా వచ్చినవాళ్లు ఇంగ్లీష్‌లోనే చదవండి, ఎవరు వద్దన్నారు? నోరు తడబడే భాషలో బలవంతంగా చదవొద్దంటున్నాను.

ఇంతకంటే బాధ ఏమిటంటే ఇళ్లలో అవ్వల నోళ్లు మూయించడం. పరకాల వైపు నుంచి ఒక కుటుంబం వచ్చింది. బాబుకు రెండున్నరేళ్లు, మాటలు తక్కువ. నానమ్మను బయట బెంచీ మీద కూర్చోబెట్టి తల్లిదండ్రులు మాత్రం లోపలికి వచ్చారు. "మా అవ్వకు సదువు రాదు మేడం, ఆమె యాస వానికి అంటుకుంటదని కథలు చెప్పొద్దన్నం" అన్నాడు తండ్రి. నేను ఆమెను లోపలికి పిలిచి బొమ్మల పుస్తకం ఇచ్చాను. మేక బొమ్మ మీద వేలు పెట్టి, "గిది ఎవరి మేకరా? మన వాడకట్టుల మేకలు ఎవరికున్నయి?" అని అడిగి ఊరుకుంది. తొందరపెట్టలేదు, జవాబు తనే చెప్పెయ్యలేదు. కాసేపటికి ఆ బాబు, అప్పటిదాకా మా ఎవరితోనూ పెదవి విప్పనివాడు, "తాత మే" అన్నాడు. తండ్రి ఏమన్నాడో తెలుసా? "గిట్ల ఇంట్ల రోజూ అంటనే ఉంటడు మేడం. గివి కూడ మాటల కిందికే వస్తయని మాకు తెల్వదు."

యాస గురించి అడిగేవాళ్లకు నా జవాబు చిన్నది. "వచ్చిండు" అన్నందుకు ఏ పిల్లకూ చదువు ఆగలేదు.

చదువు రానివాళ్లు కథ చెప్పలేరన్న మాట ఈ ప్రాంతంలో అనాల్సింది కాదు. చేర్యాల నకాశీ పటాలు మనవే. గుడ్డ మీద గీసిన బొమ్మలను ఒక్కొక్కటే చూపిస్తూ కథకులు కులపురాణాలు చెబుతుంటే ఊళ్లకు ఊళ్లు కూర్చుని విన్నాయి. వినడానికి వాళ్లకు అక్షరాలు అవసరం పడలేదు. పసిపిల్లల బొమ్మల పుస్తకమూ చిన్న పటమే అనుకోండి. బొమ్మ చూపించి మీకు తోచింది చెప్పండి, అచ్చులో ఏముందో చూడకపోయినా ఫర్వాలేదు. ఇదే హనుమకొండలో, నిజాం కాలంలో తెలుగు చదువుకునే చోటు కరువైన రోజుల్లో, 1904లో రాజరాజ నరేంద్రాంధ్ర భాషా నిలయం అనే గ్రంథాలయం పెట్టుకున్నారు పెద్దలు. ఆ ఊళ్లోనే ఇప్పుడు తెలుగులో కథ మొదలుపెడితే "ఇంగ్లీష్, ఇంగ్లీష్" అని గదమాయిస్తున్నాం. సరే, దారి తప్పుతున్నాను. మిగతావి గబగబా చెప్పేస్తాను.

అపోహ: నెలల పిల్లకు కథ ఏం అర్థమవుతుంది?

కథ అర్థం కాదు, మీ గొంతు అర్థమవుతుంది. కడుపులో ఉన్నప్పుడే ఆరో నెల దాటాక శిశువుకు శబ్దాలు వినపడతాయి. పుట్టిన రోజుల్లోనే తల్లి గొంతు గుర్తుపడుతుంది. పసికందుకు బాగా కనిపించేది 20 నుంచి 30 సెంటీమీటర్ల దూరంలోనే, అంటే ఒళ్లో పడుకుంటే మీ ముఖం ఉండేంత దూరం. అమెరికా పిల్లల వైద్యుల సంఘం పుట్టినప్పటి నుంచే చదివి వినిపించమని 2014లోనే చెప్పింది. ఆరు నెలల పిల్ల పుస్తకం నోట్లో పెట్టుకుంటుంది, పెట్టుకోనివ్వండి. రెండు మూడు నిమిషాలు చాలు. మధ్యలో పాక్కుంటూ వెళ్లిపోతే కథ అయిపోయినట్టే, పట్టుకొచ్చి కూర్చోబెట్టకండి.

అపోహ: ఫోన్‌లో కథలు పెడుతున్నాం, అదీ ఇదీ ఒకటే.

ఒకటి కాదు. అమెరికా పరిశోధకురాలు పెట్రీషియా కూల్ బృందం 2003లో ప్రచురించిన ప్రయోగంలో తొమ్మిది నెలల అమెరికా పిల్లలకు చైనీస్ మాండరిన్ వినిపించారు. మనిషి ఎదురుగా కూర్చుని ఆడిస్తూ, పుస్తకాలు చదివి వినిపించిన పిల్లలు ఆ భాషలోని ధ్వనుల తేడా పట్టుకున్నారు. అదే మనిషిని వీడియోలో చూసిన పిల్లలు పట్టుకోలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది కూడా అదే: రెండేళ్లు నిండేదాకా స్క్రీన్ వద్దు, నాలుగేళ్ల వరకు రోజుకు గంట మించొద్దు, ఆ సమయంలో కథలు చెప్పడం, చదవడం మేలు. పైగా పడుకునే ముందు ఆ వెలుతురు, ఆ హడావిడి నిద్రను వెనక్కి నెడతాయి.

దినమంతా పనిచేసి వచ్చి, అన్నం తినిపించడానికి ఫోన్ ఇచ్చిన తల్లిని నేను తిట్టను. ఆమె తెచ్చుకున్న భయం చాలు. పడుకునే ఆ పావుగంట మాత్రం ఫోన్ పక్క గదిలో పెట్టమంటాను.

ఒక్క మినహాయింపు ఉంది. జగిత్యాల, నిజామాబాద్, కరీంనగర్ వైపు నుంచి వచ్చే పిల్లల్లో చాలామంది నాన్నలు గల్ఫ్‌లో ఉంటారు. వీడియో కాల్‌లో నాన్న కథ చెబితే అది స్క్రీన్ లెక్కలోకి రాదు. నాన్న అడుగుతాడు, పిల్ల చెబుతుంది, నాన్న నవ్వుతాడు. యూట్యూబ్ అలా తిరిగి పలకదు. ఇక్కడ తొమ్మిది అయితే దుబాయ్‌లో ఏడున్నర, డ్యూటీ అయిపోయినవాళ్లకు వీలైన సమయమే. పుస్తకం ఇక్కడ అమ్మ చేతిలో, గొంతు అక్కడి నుంచి. మా దగ్గర కొన్ని ఇళ్లలో ఇది చక్కగా నడుస్తోంది.

అపోహ: రోజూ అదే కథ అడుగుతున్నాడంటే బుర్ర ఎదగడం లేదు.

ఎదుగుతోంది. ఇంగ్లండ్‌లో మూడేళ్ల పిల్లలతో చేసి 2011లో ప్రచురించిన ఒక పరిశోధనలో, వేర్వేరు కథలు విన్నవాళ్ల కంటే ఒకే కథ మళ్లీ మళ్లీ విన్నవాళ్లే కొత్త పదాలు బాగా నేర్చుకున్నారు. ఏడు చేపల కథ చూడండి. చేపను, గడ్డిమోపును, ఆవును, అందరినీ "ఎందుకు?" అని ఒకే తీరుగా అడుగుతూ పోతాం. నాలుగు రోజులు విన్న పిల్ల ముందు ఊ కొడుతుంది, తర్వాత "ఎండలేదు" అని తనే అందుకుంటుంది, చివరికి చీమ జవాబు మిమ్మల్ని చెప్పనివ్వదు. మీకు విసుగొస్తే రావచ్చు, కథ మార్చకండి.

పుస్తకాలకు డబ్బు లేదన్నది కూడా పెద్ద అడ్డంకి కాదు. ప్రథమ్ బుక్స్ వాళ్ల స్టోరీవీవర్ వెబ్‌సైట్‌లో తెలుగు బొమ్మల కథలు ఉచితంగా దొరుకుతాయి, ప్రింట్ తీసుకోవచ్చు. నేషనల్ బుక్ ట్రస్ట్, 'మంచి పుస్తకం' అనే ప్రచురణ సంస్థల పుస్తకాలు తక్కువ ధరకే వస్తాయి.

అపోహ: కథలు చెబుతూ ఉంటే మాటలు వాటంతటవే వస్తాయి, వాళ్ల తాత కూడా మూడేళ్లు వచ్చేదాకా మాట్లాడలేదు.

ఇది వింటే మాత్రం నాకు ఓపిక ఉండదు. కథ మంచిదే, వైద్యం కాదు. ఏడాది దాటినా పేరు పిలిస్తే తిరగకపోవడం, వేలితో చూపించకపోవడం, ఏడాదిన్నరకు ఒక్క మాట కూడా లేకపోవడం, రెండేళ్లకు "పాలు తే" లాగా రెండు మాటలు కలపకపోవడం, వచ్చిన మాటలు పోవడం: వీటిలో ఏ ఒక్కటి ఉన్నా తాతను తలుచుకుంటూ కూర్చోవద్దు. ముందు వినికిడి పరీక్ష. అంగన్‌వాడీలకు వచ్చే ఆర్‌బీఎస్‌కే (పిల్లల ఆరోగ్యం చూసే ప్రభుత్వ కార్యక్రమం) బృందానికి చూపించినా ఉచితంగా చూసి పై ఆసుపత్రికి రాస్తారు.

దీనికి వెనకవైపు ఇంకో మాట ఉంది, తల్లులు గొంతు తగ్గించి అడుగుతారు: "నేను కథలు చెప్పకనే ఆటిజం వచ్చిందా మేడం?" రాదమ్మా. కథలు చెప్పకపోతే ఆటిజం రాదు, చెవుడు రాదు. ఆ మాట మీ అత్తగారన్నా, పక్కింటామె అన్నా నమ్మకండి.

వినికిడి కోసం బెరా పరీక్ష (శబ్దానికి చెవి నరం, మెదడు స్పందిస్తున్నాయో లేదో చూసేది) రాస్తే కంగారు పడకండి, నొప్పి ఉండదు. పిల్ల నిద్రలో ఉండగా చేస్తారు కాబట్టి ఆ రోజు పొద్దున్నే లేపండి, వచ్చే దారిలో బస్సులో పడుకోకుండా చూసుకోండి, పాలు ఇక్కడికి వచ్చాకే పట్టండి.